ప్రతిజ్ఞ పుట్టిన నేల, పాడని పిల్లల హక్కు

విశాఖపట్నం జిల్లా పద్మనాభం పేరు చెప్పగానే చరిత్ర చదివినవాళ్లకు 1794 జూలై 10 గుర్తొస్తుంది. అనంతపద్మనాభస్వామి కొండ ఉన్న ఆ ఊళ్లో ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి విజయనగరం రాజు చిన విజయరామరాజు నేలకొరిగారు. ఆ రాజుదైన పూసపాటి వంశానికే చెందిన పి.వి.జి.రాజు 1960లలో రాష్ట్ర విద్యామంత్రి అయ్యారు. ఆయన చేతికి వచ్చిన ఒక కాగితం దేశంలోని ప్రతి బడికీ చేరింది.

ఆ కాగితంలో ఉన్నది ప్రతిజ్ఞ. 1962లో విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉన్న పైడిమర్రి వెంకటసుబ్బారావు దాన్ని తెలుగులో రాశారు. ఆయన సొంతూరు నల్గొండ జిల్లా అన్నెపర్తి. విశాఖ నాయకుడు తెన్నేటి విశ్వనాథం చొరవతో అది మంత్రికి అందింది. 1963లో విశాఖలోని ఒక బడిలో పిల్లలు తొలిసారి చదివారు. 1965 జనవరి 26 నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చింది. అందులో తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పెద్దలు ఉన్నారు. ఏ దేవుడి పేరూ లేదు. అందుకే ఏ మతం బిడ్డయినా చెయ్యి చాచి తడబడకుండా చెప్పగలుగుతోంది.

బడిలో జరిగేవన్నీ అలా ఉండవు. ప్రార్థన ఉంటుంది, సరస్వతీ పూజ ఉంటుంది, క్రిస్మస్ పాట ఉంటుంది. రాజ్యాంగం ఈ ఇబ్బందిని ముందే ఊహించింది. ప్రభుత్వ గుర్తింపు లేదా నిధులు పొందే విద్యాసంస్థలో మతబోధకో ఆరాధనకో హాజరు కమ్మని ఎవరినీ బలవంతపెట్టకూడదని, పిల్లలైతే సంరక్షకుల సమ్మతి ఉండాలని 28వ అధికరణం చెబుతోంది.

ఈ విషయంలో అతి గట్టి పరీక్ష కేరళలో ఎదురైంది. యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు అసెంబ్లీలో జాతీయగీతం పాడేటప్పుడు అందరితోపాటు నిటారుగా, గౌరవంగా నిలబడేవారు. పెదవి మాత్రం కదిపేవారు కాదు. తమ దేవుణ్ణి తప్ప మరొకరిని కీర్తించకూడదన్నది వారి విశ్వాసం. ఏళ్లపాటు ఎవరూ పట్టించుకోలేదు. ఒక శాసనసభ్యుడు సభలో ప్రశ్నించాక 1985 జూలైలో ముగ్గురినీ బడి నుంచి తీసేశారు. హైకోర్టులో ఓడిపోయి వాళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు.

1986 ఆగస్టు 11న తీర్పు వచ్చింది. దాన్ని రాసింది తెలుగువాడే. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన జస్టిస్ ఓ.చిన్నపరెడ్డి. గౌరవంగా నిలబడటంలో అవమానం లేదని, పాడి తీరాలని ఏ చట్టమూ చెప్పలేదని, ఆ పిల్లల్ని తీసేయడం వారి భావప్రకటన స్వేచ్ఛకూ మతస్వేచ్ఛకూ భంగమని ఆయన తేల్చారు. అమెరికాలోనూ 1943లో అక్కడి సుప్రీంకోర్టు జెండా వందనానికి పిల్లల్ని బలవంతపెట్టరాదంది.

ప్రతిజ్ఞ రాసినవారు, తీర్పు రాసినవారు ఇద్దరూ మనవాళ్లే. రంజాన్ ఉపవాసంలో ఉన్న పిల్లవాణ్ణి ఎండలో డ్రిల్లు నుంచి తప్పించడానికి, పూజలో చేతులు జోడించని అమ్మాయిని తరగతి ముందు నిలదీయకుండా ఉండటానికి ఉపాధ్యాయులకు కొత్త జీవో ఏదీ అక్కర్లేదు. వచ్చే సోమవారం అసెంబ్లీలో అలాంటి పిల్లలవైపు ఒక్కసారి ఆదరంగా చూడండి.