తిమింగలం నూనె పోర్టులో గాలిమరలు

సముద్రంలో గాలిమరలు అనగానే అందరం ఆ రెక్కల గురించే మాట్లాడతాం. వాటిని సముద్రంలోకి పంపే పోర్టు గురించి ఎవరూ మాట్లాడరు. ఈరోజు కథ అలాంటి పోర్టుదే. ఊరు న్యూ బెడ్‌ఫర్డ్. అమెరికాలో, బోస్టన్‌కి దక్షిణంగా ఉంటుంది.

ఒకప్పుడు ఈ ఊరు లోకానికి దీపం పెట్టింది. మాట వరసకి అనడం లేదు, నిజంగానే. కరెంటు లేని, కిరోసిన్ ఇంకా రాని రోజుల్లో దీపాల్లో పోసింది తిమింగలం నూనె. 1857లో ఈ ఒక్క పోర్టుకే 329 వేట ఓడలుండేవి. రెండేళ్లకే, 1859లో, పెన్సిల్వేనియాలో డ్రేక్ అనే ఆయన తవ్వించిన బావిలో పెట్రోలియం పడింది. చవకగా కిరోసిన్ దొరకడం మొదలైంది, వేట మెల్లగా పడిపోయింది. తర్వాత బట్టల మిల్లులు వచ్చాయి, అవీ మూతపడ్డాయి. కెపాసిటర్ల ఫ్యాక్టరీలొచ్చి పీసీబీ అనే విషాన్ని హార్బర్ అడుగు బురదలో వదిలిపెట్టాయి. చివరికి ఊరిని నిలబెట్టింది చేపల పడవలే. స్కాలప్ అనే గుల్లల పుణ్యమా అని, పట్టిన సరుకు విలువలో అమెరికాలో ఏళ్ల తరబడి ఈ పోర్టుదే ఫస్ట్ ప్లేస్.

ఇప్పుడు గాలి దగ్గరికి వద్దాం. ఇక్కడికి వచ్చిన గాలిమర ఒక్కో రెక్క పొడవు 107 మీటర్లు. ముప్పై అంతస్తుల బిల్డింగ్‌ని పక్కకి పడుకోబెట్టినంత. టవర్ ముక్కల్ని నిలబెట్టి ఉంచాలి. వందల టన్నులు ఒకేచోట పడినా నేల కుంగకూడదు. ఇవన్నీ మామూలు పోర్టులో కుదరవు. అందుకే గాలిమరల కంపెనీ "ముందు పోర్టు చూపించు" అంటుంది. పోర్టు కట్టేవాళ్లేమో "ముందు కాంట్రాక్ట్ చూపించు" అంటారు. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు.

మసాచుసెట్స్ రాష్ట్ర ప్రభుత్వం తెగించి ముందుకొచ్చింది. 2013లో పని మొదలుపెట్టి, సుమారు 113 మిలియన్ డాలర్లతో 2015కల్లా టెర్మినల్ కట్టేసింది. ఆ పనిలో విషపు బురద తోడటం కూడా ఉంది. వస్తుందనుకున్న కస్టమర్ కేప్ విండ్, 130 గాలిమరల ప్రాజెక్ట్. సరిగ్గా 2015 జనవరిలోనే, గడువులోగా పెట్టుబడి సర్దుకోలేదని చెప్పి, కరెంటు కొంటామన్న రెండు కంపెనీలూ తప్పుకున్నాయి. పందిరి వేశారు, పెళ్లికొడుకు పారిపోయాడు.

యూజర్లు రాకముందే సర్వర్లు కొన్నవాడిని చూసి సాఫ్ట్‌వేర్‌లో మేం నవ్వుతాం. క్లౌడ్ అయితే నచ్చకపోతే రేపే ఆపేయొచ్చు. కాంక్రీట్‌ని ఆపేయలేం కదా. అయినా నేనైతే ఆ ప్రభుత్వాన్ని తప్పుపట్టను. ఎందుకంటే ఎనిమిదేళ్ల తర్వాత, 2023 మేలో, పోర్చుగల్ నుంచి టవర్ ముక్కలతో ఓడ వచ్చి అక్కడే ఆగింది. ప్రాజెక్ట్ పేరు వైన్‌యార్డ్ విండ్. 62 గాలిమరలు, ఒక్కోటి 13 మెగావాట్లు. 2024 జనవరిలో తొలి కరెంటు వచ్చింది.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. మ్యాప్స్‌లో శాటిలైట్ వ్యూ పెట్టి ఈ హార్బర్‌ని చూడండి, నోటి దగ్గర రాతిగోడ కనిపిస్తుంది. తుఫాన్ల దెబ్బకి 1966లో కట్టారు. దాటడానికి వదిలిన సందు 150 అడుగులే. గాలిమరలు బిగించే భారీ ఓడ అందులోంచి దూరడం కష్టం. పైగా 1920 నాటి జోన్స్ చట్టం ప్రకారం, అమెరికాలో ఒకచోట నుంచి ఇంకోచోటికి సరుకు మోసే ఓడ అమెరికాలోనే తయారై ఉండాలి. బిగించే ఓడేమో యూరప్‌ది. అందుకే అది సముద్రంలోనే నిలబడితే, పోర్టు నుంచి అమెరికా బార్జీలు ముక్కల్ని మోసుకెళ్లి అందించాయి.

స్కాలప్ పడవలు తిరిగేదీ ఆ సందులోంచే. గాలిమరల మధ్య వల ఎలా లాగాలి, రాడార్ సరిగ్గా పనిచేస్తుందా అని మత్స్యకారులు మొదటి నుంచీ అడుగుతూనే ఉన్నారు. 2024 జులైలో ఒక రెక్క విరిగి, ముక్కలు నాంటకెట్ బీచ్‌లకి కొట్టుకొచ్చాయి. దాంతో వాళ్ల అనుమానం ఇంకా పెరిగింది.

రెక్క విరగడానికి నెల ముందే, 2024 జూన్‌లో, మన కేంద్ర ప్రభుత్వం గుజరాత్, తమిళనాడు తీరాల్లో చెరో 500 మెగావాట్ల సముద్ర గాలిమరల కోసం 7,453 కోట్ల పథకం ఆమోదించింది. అందులో 600 కోట్లు రెండు పోర్టుల్ని సిద్ధం చేయడానికి.