దేవునికి నచ్చిన బతుకు, ఊరికి నచ్చని బతుకు: ఒంగోలు నుంచి శంషాబాద్ దాకా

శంషాబాద్ అనగానే ఇవాళ అందరికీ గుర్తొచ్చేది 2008 మార్చిలో మొదలైన విమానాశ్రయం. అంతకు ఎనిమిది దశాబ్దాల ముందే సముద్రాల అవతలి నుంచి వచ్చిన మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీలు ఈ ఊళ్ళో ఆస్పత్రి నడిపారు. వాళ్ల మాట విన్నది మాత్రం ఎక్కువగా మాలవాడ, మాదిగవాడ. దేవునికి ఇష్టంగా బతకాలి, పదిమందికి దీవెనగా ఉండాలి అన్నదే ఆ బోధ సారాంశం. ఈ మాట వినగానే మన అభ్యుదయవాదులు పెదవి విరుస్తారు. పరలోకం ఆశ చూపి ఇహలోకపు పోరాటాన్ని చల్లార్చే మందు అంటారు. హిందూత్వవాదులేమో తిండికి ఆశపడి మతం మారారని ఎగతాళి చేస్తారు. ఈ ఇద్దరూ వెయ్యని ప్రశ్న ఒకటుంది. వాడలో మనిషి దేవునికి ఇష్టంగా బతకడం మొదలుపెట్టిన రోజున ఊళ్ళో ఏం జరిగింది?

దీనికి జవాబు ముందు ఒంగోలు ప్రాంతంలో వెతకాలి. ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగినవాడు. క్రైస్తవుడు కాకముందే రాజయోగం నేర్పే గురువుల దగ్గర చేరి సత్యం కోసం వెతికాడు. అంటే మిషనరీ వచ్చి లేపితే లేచిన మనిషి కాదు, అప్పటికే మేలుకొని ఉన్నవాడు. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ ఏడే ఒంగోలులో కాపురం పెట్టాడు. పేరయ్య తన వాళ్లను కూడగడితే, 1867 జనవరిలో తాళ్లకొండపాడు దగ్గర 28 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంగతులను క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చయిన తన పుస్తకంలో రాసింది.

కొత్తగా చేరినవాళ్లకు పెట్టిన కట్టుబాట్లు మూడే. ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. చూడటానికి ఇవి ఉత్త మతనియమాలే. కానీ ఊరి వ్యవస్థలో పెట్టి చూడండి. ఆదివారం పని మానడమంటే పిలిస్తే పలకాల్సిన మనిషి వారానికో రోజు పలకకపోవడం. చచ్చిన గొడ్డు తినకపోవడమంటే ఊరు పారేసిందే నీ తిండి అన్న తీర్పును తిప్పికొట్టడం. మొక్కకపోవడమంటే పోలేరమ్మ కొలుపులో డప్పు కొట్టకపోవడం. కరణాలకు, మునసబులకు ఈ అర్థం వెంటనే తెలిసింది. అందుకే బావులు బంద్ చేశారు, కొట్టారు, దొంగకేసులు పెట్టారు. ఉత్త భజన చేసేవాణ్ని ఊరు ఎందుకు కొడుతుంది?

ఆ రోజుల్లోనే ఒంగోలులో కొందరు పైకులాలవాళ్లు క్రైస్తవంలో చేరతామన్నారు, మాదిగల్ని మాత్రం చేర్చుకోవద్దన్నారు. క్లౌ దంపతులు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక తొలి అధ్యాయం చదివి మాదిగల వైపే నిలబడ్డారు. పైకులాలవాళ్లు వెళ్లిపోయారు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పనిని క్లౌ కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ పని నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కరువు ప్రభావం లేదని నేననను. కానీ తిండి కోసమే అయితే, కూలి దొరికే రోజుల్లో కాకుండా ఆ తర్వాత ఎందుకు వస్తారు?

ఈ ఒరవడే నిజాం రాజ్యానికీ వచ్చింది. దక్షిణ రష్యా నుంచి మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ 1889లో వచ్చి, బాప్టిస్టు తెలుగు మిషన్ కిందనే 1890లో నల్గొండలో పని మొదలుపెట్టాడు. అమెరికాలోని మెన్నోనైట్ బ్రదరెన్ వాళ్లు 1899లో హైదరాబాద్ చేరారు. 1907లో వచ్చిన డాక్టర్ కేథరీనా షెల్లెన్‌బర్గ్ చివరి ఏళ్లు శంషాబాద్ ఆస్పత్రిలోనే గడిపి, 1945లో ఇక్కడే చనిపోయింది. 1920లో మొదలైన బైబిలు బడి తర్వాత శంషాబాద్‌లో స్థిరపడింది. ఇక్కడి పల్లెల్లో వెట్టి ఉండేది. మోటకు తోలు బొక్కెన, దొరకు చెప్పులు మాదిగలు ఊరికే ఇవ్వాలి. కబురు మొయ్యాలి, కావలి ఉండాలి. ఇట్లాంటి చోట ఒక రోజు నాది, నా దేవునిది అనడం చిన్న మాట కాదు.

అయితే ఈ చరిత్రకు రెండో ముఖం కూడా ఉంది, దాన్ని దాచొద్దు. చచ్చిన గొడ్డుతో పాటు డప్పు కూడా పాపమైంది. తోలుపని నైపుణ్యం సిగ్గుపడే సంగతయింది. చర్చిలో చేరినా మాల, మాదిగ గీత చెరగలేదు. 1932లో శంషాబాద్‌లో పుట్టిన మిషనరీ కొడుకు పాల్ హీబర్ట్ మానవశాస్త్రజ్ఞుడై, పాలమూరు జిల్లా పల్లె మీద 1971లో 'కొండూరు' అనే గ్రంథం రాశాడు. ఊరు కులాల మీదనే ఎట్లా నిలబడిందో అందులో కనిపిస్తుంది. ఇంకో సంగతి గమనించాలి. క్రైస్తవ మాదిగలు డప్పు వదిలేసిన ఆ ఒంగోలు సీమలోనే, 1994 జూలైలో ఈదుమూడిలో దండోరా డప్పు మోగింది. ఈ రెండూ ఎదురెదురు అనిపిస్తాయి గానీ కావు. ఊరి కోసం కొట్టం అన్నది మొదటి తరం. మా కోసం కొడతాం అన్నది తర్వాతి తరం.

రాజ్యం మాత్రం ఈ బతుకును ఇంకో తీరుగా శిక్షించింది. 1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు హిందువులకే ఆ హోదా ఇచ్చింది. 1956లో సిక్కు దళితుల్ని, 1990లో బౌద్ధ దళితుల్ని చేర్చారు. క్రైస్తవ దళితులు మన రాష్ట్రాల్లో బి.సి.-సి గ్రూపులో, 1 శాతం కోటాలో మిగిలారు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో మతంతో ఈ ముడి తెంచమని సిఫారసు చేసింది, ప్రభుత్వం అమలు చెయ్యలేదు. మతం మారితే కులం పోతుందని కాగితం అంటుంది. ఊరు ఆ కాగితం చదవలేదు.

విమానాశ్రయానికి సుమారు 5,500 ఎకరాలు పోయాయి. ఇట్లాంటి సేకరణల్లో భూమి వెల పట్టా ఉన్నవాడికి లెక్క కడతారు, ఆ భూమి మీద కూలి చేసి బతికినవాడికి కాదు. కాబట్టి పదిమందికి దీవెనగా ఉండటం అంటే ఏమిటో ఇక్కడి చర్చిలు ఇప్పుడు మళ్లీ తేల్చుకోవాలి. తొలితరం దేవునికి ఇష్టంగా బతికింది ఊరికి ఇష్టం లేని పని చేసి. అన్యాయం చేసేవాడి మెప్పు, దేవుని మెప్పు రెండూ ఒకేసారి దొరకవని ఆ తరం దెబ్బలు తిని తెలుసుకుంది. విద్యార్థులు, టీచర్లు ఈ పల్లెల్లో ముసలివాళ్ల దగ్గర కూచొని, ఎవరు ఏ పని ఎందుకు మానుకున్నారో రాసిపెట్టాలి. ఎందుకంటే ఆ మానుకోవడం ఇంకా మన చరిత్ర పాఠాల్లోకి ఎక్కలేదు.