గాలి చెక్కిన పర్వతం

మలేసియాలోని మా తెలుక్ ఇంటాన్‌లో నేల కథంతా నీటిదే. పెరాక్ నది ఒడ్డున మెత్తటి నేల మీద 1885లో కట్టిన గోపురం ఒక పక్కకు ఒరిగి, ఆ ఊరి గుర్తుగా నిలిచింది. వానలకూ వరదలకూ అలవాటుపడిన మనకు, ఉత్త గాలి ఓ మహాపర్వతాన్ని చెక్కిందంటే నమ్మబుద్ధి కాదు. అంగారకుడి మీద జరిగింది అదే. ఆ సంగతి తేలడానికి నలభై ఏళ్లకు పైగా పట్టింది.

1971 నవంబరులో మారినర్ 9 అంతరిక్ష నౌక అక్కడికి చేరేసరికి గ్రహమంతా దుమ్ము తుఫాను. వారాల తరబడి కాచుకుంటే గానీ నేల కనబడలేదు. తర్వాత వైకింగ్ నౌకల చిత్రాల్లో వింత బయటపడింది: ఉల్కలు పడి ఏర్పడిన గోతుల నడుమ కొండలు! గేల్ అనే గొయ్యి 154 కిలోమీటర్ల వెడల్పు. అందులోని షార్ప్ పర్వతం ఎత్తు ఐదు కిలోమీటర్ల పైమాటే.

ఉల్క దెబ్బకు అడుగునున్న రాయి పైకి లేచిందనుకుంటే అంత ఎత్తు పొసగదు. పైగా కొండంతా పొరలు పొరలుగా ఉంది. అగ్నిపర్వతాల బూడిదని కొందరన్నారు, సరస్సు ఒండ్రని కొందరు, గాలి పోగేసిన దుమ్మని మరికొందరు. గొయ్యి నిండా పేరుకున్న మట్టిని గాలే కోసుకుపోయిందన్న ఊహా ఉంది. కానీ భూమి గాలి ఒత్తిడిలో వందో వంతు కూడా లేని ఆ పలచటి గాలికి అంత సత్తువెక్కడిది? కోసినా నడుమ భాగాన్ని ఎందుకు వదిలినట్టు?

టెక్సాస్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిని మెకెంజీ డే, ఆమె సహచరులు ఈ చిక్కును బల్లమీదికి తెచ్చారు. అన్నం పళ్లెమంత, 30 సెంటీమీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల లోతున్న గొయ్యి చేసి, తడి ఇసుక నింపి, గాలి సొరంగంలో పెట్టారు. గాలి వీచేకొద్దీ అంచు వెంట నెలవంకలా కందకం పడింది. అది లోతెక్కింది, వెడల్పయింది. నడుమ దిబ్బ మిగిలింది. చివరికి ఆ దిబ్బా కరిగిపోయింది. అంచు దాటి దిగే గాలి సుడులు తిరుగుతూ పక్కల్నే తవ్వుతుందని కంప్యూటర్ లెక్కలూ చెప్పాయి. 2016లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. బలహీనమైన గాలికి వందల కోట్ల ఏళ్ల కాలం తోడైందన్నమాట.

సరస్సని ఊహించినవాళ్ల శ్రమా వృథా కాలేదు. 2012లో గేల్‌లో దిగిన క్యూరియాసిటీ రోవర్, కొండ అడుగు పొరల్లో సరస్సు బురద రాళ్లను గుర్తించింది. ఆ అడుగు పొరలను నీరు పరిచింది, నీరు ఎండాక గాలి కొండను చెక్కింది. ఆ పర్వతం లేచి నిలిచింది కాదు, చుట్టూ ఉన్నదంతా పోగా మిగిలింది. అందుకే దాని పొరల్లో ఆ గ్రహం ఎండిపోయిన చరిత్ర వరుసగా ఉంది. క్యూరియాసిటీ 2014 నుంచి కొండ ఎక్కుతూ ఆ చరిత్రను అడుగు నుంచి పైకి చదువుతోంది.