కవల మూలకములను విడదీసిన ద్రావణి

1789లో జర్మను రసాయనజ్ఞుడు క్లాప్రోత్ జిర్కాన్ ఖనిజమునందు జిర్కోనియమును కనుగొనెను. అందు మరియొక మూలకము దాగియున్నదని 134 సంవత్సరముల తరువాతగాని తేలలేదు. 1923లో కోస్టర్, హెవెసీ అనువారు కోపెన్‌హేగెన్‌లో ఎక్స్-కిరణ వర్ణపటముచే దానిని గుర్తించి, ఆ నగరపు లాటిన్ నామమునుబట్టి హాఫ్నియం అని పేరిడిరి.

ఈ రెండింటి అయానుల పరిమాణము దాదాపు సమానము. రసాయన గుణములును అట్టివే. అందుచే తొలుత వాని ఫ్లోరైడు లవణములను పలుమార్లు స్ఫటికీకరించి విడదీయవలసివచ్చెను. పరమాణు రియాక్టరులు వచ్చిన పిదప ఈ వేర్పాటు అత్యవసరమయ్యెను. జిర్కోనియం న్యూట్రానులను పోనిచ్చును. హాఫ్నియం వానిని వందలరెట్లు అధికముగా మ్రింగును. ఇంధనపు గొట్టములలో అది మిగిలినచో శృంఖల చర్య కుంటుపడును.

హైదరాబాదులో మౌలాలి చెంత 1971లో నెలకొన్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఇందుకు ద్రావణినే ఆశ్రయించినది. జిర్కాన్ ఇసుకను కాస్టిక్ సోడాతో కాచి, కడిగి, నత్రికామ్లమున కరగింతురు. కిరసనాయిలులో కలిపిన ట్రైబ్యుటైల్ ఫాస్ఫేటును దానితో కలియబెట్టగా జిర్కోనియం పైపొరలోనికి చేరును; హాఫ్నియం చాలవరకు ఆమ్లముననే నిలుచును. ఒక్కమారుతో పని తీరదు. రెండు ద్రవములను ఎదురెదురుగా నడపి, ఈ క్రియను అంచెలంచెలుగా జరుపుదురు. నూటికి సుమారు రెండుపాళ్లున్న హాఫ్నియం పదివేలకు ఒక పాలుకంటె తగ్గును.

పాఠశాలలో వేర్పాటు గరాటునందు నీటిలోని అయొడీనును క్లోరోఫారములోనికి రాబట్టు సూత్రమే ఇది.