ప్రధానపుటుంగరము: లోహనిర్ణయ పూర్వోత్తరములు

పెండ్లి కుదిరిన పిమ్మట నలుగురి యెదుట వధూవరులు ఉంగరములు మార్చుకొనుట గుంటూరు సీమలో నేడు తాంబూలములు పుచ్చుకొనుటతో సమానమైన తంతుగా స్థిరపడినది గాని, మన పెద్దలకు తాంబూలమే మాట, లగ్నపత్రికయే సాక్ష్యము. ఉంగరమునకు దొరకిన చోటెల్ల బిందెలో వేసి కొత్త దంపతులచేత వెదకించెడి వేడుకలోనే. అనామికకు శాస్త్రము విధించిన యుంగరము లోహమయమే కాదు, దర్భపోచను ముడివేసిన పవిత్రము. కలిగినవారు దానినే బంగారముతో చేయించుకొని కర్మకాలమున ధరించిరి.

పాశ్చాత్యులకును ఈ యుంగరము మొదట బంగారముదేమియు కాదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమువాడైన ప్లినీ, నిశ్చయమైన కన్యకు రాయి పొదగని యినుప ఉంగరము పంపుట తన నాటికిని రోమునందు వాడుకలో నున్నదని వ్రాసినాడు. ఇనుమును శనైశ్చరుని లోహముగా నెంచెడి మన యిండ్లకు అట్టి కానుకతో వచ్చిన వియ్యంకునికి మర్యాదలెట్లు జరిగెడివో ఊహించుకొనవచ్చును!

ఇనుప ఉంగరమైతే రాలేదు గాని, రోముని బంగారము మాత్రము మన గడపవరకు వచ్చినది. వినుకొండలో దొరకిన నిధియందు తిబేరియసు మొదలు కారకల్లా వరకుగల చక్రవర్తుల బంగారు నాణెములుండెను. ఈ సీమనేలిన శాతవాహనులు సీసముతోను, రాగితోను, వెండితోను నాణెములు ముద్రించిరే గాని బంగారు నాణెము వేయలేదు. కావున ఇచ్చటి పసిడి టంకశాలకంటె కంసాలి కొలిమినే యెక్కువగా చేరియుండునని నాకు తోచును. ఆ కొలిమి కల్పితము కాదు. నాగార్జునసాగరు జలాశయమున మునుగక పూర్వము 1954 మొదలు 1960 వరకు నాగార్జునకొండ లోయలో జరిగిన త్రవ్వకములందు ఇక్ష్వాకుల కాలపు స్వర్ణకారుని పనియిల్లొకటి బయల్పడినది: మూసలు, గీటురాయి, నగల అచ్చులు, తూనికరాళ్లు. మొన్నమొన్నటివరకు మన యూళ్ల కంసాలి ముందరనున్న సామగ్రియు ఇంచుమించుగా నిదియే.

ఉంగరము మార్చుకొనెడి యాచారము మాత్రము క్రైస్తవ మిషనుల వెంట వచ్చినది. 1842లో లూథరన్ మిషనరీ హేయరు గుంటూరు చేరెను. 1866లో బాప్టిస్టు క్లౌ ఒంగోలులో కాపురముండెను. వారి సంఘములలో చేరిన కుటుంబములు ప్రధానమునాడు ఉంగరములు మార్చుకొనుట నేర్చినను, పెక్కిండ్ల తాళిని విడువలేదు. తరువాత సినిమా యేమి, ఫొటోగ్రాఫరేమి, ఆ తంతును హిందువుల పెండ్లిపందిళ్లలోనికిని మోసికొనివచ్చిరి.

ఆచారము పరాయిదైనను లోహము మనదే యయ్యెను. దానికి కారణము వన్నెకంటె వ్యవసాయమే. మిరప ధర విరిగినప్పుడు, ప్రత్తికి పురుగు పట్టినప్పుడు, ఎరువుల దుకాణమువాని బాకీ తీర్చుటకు తాకట్టు పెట్టదగినది, పైరు చేతికివచ్చినప్పుడు విడిపించుకొనదగినది, వ్రేలికి బిగుసుకొన్నప్పుడు కరగించి మరల పోయించుకొనదగినది బంగారమొక్కటే. మేలిమి యగు ఇరువదినాలుగు కారట్ల బంగారము మిక్కిలి మెత్తన. కారము తొక్కెడి, ప్రత్తి తీసెడి చేతులకు ఆ యుంగరము త్వరలోనే సొట్టలు పోవును. అందుచేత ఇరువదినాలుగు పాళ్లలో రెండుపాళ్లు రాగియో వెండియో కలిపెదరు. ఇరువదిరెండు కారట్లు మన వాడుకయగుటకు ఆంగ్లేయుల సవరను నాణెమును తోడ్పడినదనుకొందును. ఎనిమిది గ్రాములకు రవ్వంత తక్కువ తూగెడి ఆ నాణెపు వన్నెయు నదియే, మన కాసు తూకమును దానిదే.

పూర్వపు కంసాలి గురిగింజలతో తూచి, కుంపటిలో నిప్పులు కనకనలాడ ఊదుగొట్టముతో మంటను మూసపైకి త్రిప్పి, కరగిన పసిడిని కమ్మిగా పోసి, దాగలిపై సాగగొట్టి, వంచి, కొసలు కలిసినచోట వెలిగారము పూసి అతుకుపెట్టుచుండగా, ఉంగరము చేయించుకొనువారి పెద్దలు ఎదుటనే కూర్చుండి కనురెప్ప వాల్చక చూచెడివారు. ఆ చూపునకు తరుగు భయమే కారణము. కంసాలియు దీనిని తప్పుపట్టినట్లు లేదు.

ఈ యేర్పాటును ప్రభుత్వమే ఒకసారి కదలించినది. 1963 జనవరిలో మొరార్జీ దేశాయి ఆర్థికమంత్రిగా నుండగా బంగారు నియంత్రణ వచ్చి, పదునాలుగు కారట్లకు మించిన కొత్త నగలు చేయరాదనిరి. చైనా యుద్ధానంతరము విదేశమారకము కరవై, దొంగబంగారము పెచ్చుపెరిగిన కాలమది. దేశమంతటను వేలాది స్వర్ణకారుల కుంపట్లు చల్లారెను, ప్రాణములు తీసికొన్నవారును కలరు. పదునాలుగు కారట్ల యుంగరముతో పెండ్లిమాట ఖాయపరచుకొనుట మనవారికి మింగుడుపడలేదు. 1966లో ఆ పరిమితి తొలగినను, 1968నాటి చట్టము 1990 వరకు నిలిచియే యుండెను.

వెండి మాట చెప్పవలసినది కొంచెమే. పసిడి లక్ష్మీస్వరూపము గనుక నడుము క్రిందికి తగదు. అందుచే వెండి కాలివ్రేళ్లకు మెట్టెలై దిగినది, చేతివ్రేలికి ఎక్కలేదు.

ఇక ప్లాటినము. దక్షిణ అమెరికా నదుల యిసుకలో ఇది దొరకినప్పుడు స్పానిష్ వారు దీనిని చిన్నవెండియని చిన్నచూపు చూచి, బంగారమున కల్తీ చేయుదురను భయముచే నదులలోనే పారవేయించిరి. కరగించుటయే దీని చిక్కు: బంగారమునకు 1064 డిగ్రీల సెంటిగ్రేడు చాలగా, దీనికి 1768 డిగ్రీలు కావలెను. ఇరువదవ శతాబ్దారంభమున పారిసు నగల వ్యాపారులు వజ్రములు పొదుగుటకు దీనిని చేపట్టగా, రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా దీనిని యుద్ధావసరములకు కట్టడిచేయుటతో తెల్లబంగారము దాని స్థానమాక్రమించెను. నేడు గుంటూరు దుకాణములలో 950 గుర్తుగల ప్లాటినపు జంట ఉంగరములు 916 బంగారము ప్రక్కనే మెరయుచున్నవి; తూకమునకు బరువైనవి, సులభముగ అరుగనివి, సొగసైనవి కూడ. అయినను కుంపటికి లొంగనివి, బంగారమువలె ప్రతి వీథిలోను తాకట్టునకు పోనివి.

బంగారపు వన్నెపై నేటి సంశయములను తీర్చుటకు 2021 జూను మొదలు పలు జిల్లాలలో హాల్‌మార్కు తప్పనిసరియైనది. ఉంగరము లోపలివైపు ఆరక్షరముల గుర్తింపు సంఖ్య చెక్కబడుచున్నది. కాని రెండు గ్రాములకు లోబడిన నగకు ఆ విధి వర్తింపదు. చిన్న రైతుల యిండ్ల ప్రధానపుటుంగరములు అనేకము ఆ తూకమునకు లోబడియుండును గనుక, వాని విషయమున గీటురాయికి నేటికిని పని తప్పలేదు.