పేరున్న తుపాకీ, పేరులేని రౌతు

అరచేతిలో ఇమిడిపోయే ఇనుప రేకు. దాని మీద మీసకట్టు ఇంకా సరిగా రాని కుర్రాడు కూర్చుని ఉంటాడు. నడుం దాకా వచ్చే పొట్టి కోటు, ఛాతీకి అడ్డంగా వెడల్పాటి తోలు పట్టీ, రెండు చేతులా భద్రంగా పట్టుకున్న పొట్టి తుపాకీ. బుగ్గలకు ఎవరో గులాబీ రంగు అద్దారు. గుండీల మీద బంగారు చుక్కలు పెట్టారు. వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో అమెరికా అంతర్యుద్ధ కాలపు సైనికుల బొమ్మలు వేలల్లో ఉన్నాయి. వాటిలో చాలావాటి శీర్షిక ‘గుర్తుతెలియని’ అన్న మాటతోనే మొదలవుతుంది. గుర్తుతెలియని సైనికుడు, షార్ప్స్ కార్బైన్‌తో. గుర్తుతెలియని రౌతు, కత్తితోనూ స్పెన్సర్ కార్బైన్‌తోనూ. చేతిలో తుపాకీ పేరు మిగిలింది, పట్టుకున్నవాడి పేరు పోయింది.

కొన్నేళ్లుగా రాత్రిపూట కంప్యూటర్ తెర మీద ఈ బొమ్మలను పెద్దవి చేసుకుని చూస్తున్నాను. మొదట్లో ముఖాలే చూసేవాణ్ణి. తర్వాత తెలిసింది, ముఖం దగ్గరకు చేరాలంటే ముందు తుపాకీని చదవాలని.

1861 నుంచి 1865 దాకా ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య సాగిన ఆ యుద్ధంలో ఆరు లక్షల మందికి పైగా పోయారు. తూటాల కన్నా రోగాలే ఎక్కువమందిని తీసుకుపోయాయి. సామాన్య సిపాయి సొంత డబ్బుతో తన బొమ్మ తీయించుకోగలిగిన తొలి యుద్ధాల్లో అదొకటి. 1854లో గాజు పలక మీద తీసే ఆంబ్రోటైప్‌కూ, 1856లో రేకు మీద తీసే టిన్‌టైప్‌కూ అమెరికాలో పేటెంట్లు వచ్చాయి. టిన్‌టైప్ పేరులో తగరం ఉంది గాని, నిజానికి అది నల్ల వార్నిష్ పూసిన పల్చని ఇనుము. పగలదు, బరువుండదు, ఉత్తరంలో పెట్టి ఇంటికి పంపొచ్చు. నెలకు 13 డాలర్ల జీతగాడికి కూడా అందుతుంది. అందుకే దండు ఎక్కడ విడిది చేస్తే అక్కడ ఫొటోగ్రాఫర్ గుడారం కూడా వెలిసేది.

ఇక కార్బైన్, అంటే రౌతుల పొట్టి తుపాకీ. పదాతి సైనికుడి స్ప్రింగ్‌ఫీల్డ్ తుపాకీ పొడవు 56 అంగుళాలు. మందు, గుండు గొట్టం మూతిలోంచి వేసి, ఊచతో కూరాలి. పరుగెత్తే గుర్రం మీద అది కుదిరే పని కాదు. షార్ప్స్ కార్బైన్ సుమారు 39 అంగుళాలే. ట్రిగ్గర్ చుట్టూ ఉండే లీవర్‌ను కిందికి లాగితే వెనక దిమ్మ దిగి, తూటా పెట్టే దారి తెరుచుకుంటుంది. రౌతు ఎడమ భుజం మీదుగా కుడి తుంటి దాకా తోలు పట్టీ వేసుకుంటాడు. దాని కొక్కేనికి తుపాకీ ఎడమ పక్కనున్న ఉంగరం తగిలిస్తాడు. చెయ్యి వదిలినా తుపాకీ కింద పడదు. బొమ్మలో ఈ పట్టీ, ఈ ఉంగరం కనిపిస్తే అశ్వికదళం మనిషని దాదాపు చెప్పేయొచ్చు.

ఈ కార్బైన్లలో చాలావాటికి మనుషుల పేర్లే. క్రిస్టియన్ షార్ప్స్ 1848లో పేటెంట్ తీసుకున్నాడు. 1859లో బానిసత్వం మీద తిరుగుబాటు లేవదీయాలని హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారం మీద పడ్డ జాన్ బ్రౌన్ మనుషుల చేతుల్లో ఉన్నవీ షార్ప్స్ కార్బైన్లే. యుద్ధంలో ఉత్తరాది ప్రభుత్వం వాటిని 80 వేలకు పైగా కొన్నది. ఆంబ్రోస్ బర్న్‌సైడ్ తుపాకీ చేసి, తర్వాత సేనాని అయ్యాడు. 1862 డిసెంబర్‌లో ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర ఘోరంగా ఓడాడు. చెవుల ముందు నుంచి మీసాల దాకా పెంచిన ఆయన వెంట్రుకలే మన మంగలి షాపుల్లో వినిపించే ‘సైడ్‌బర్న్స్’ మాటకు మూలం. క్రిస్టఫర్ స్పెన్సర్ తుపాకీ మడమలోని గొట్టంలో ఏడు తూటాలు పడతాయి. 1863 ఆగస్టులో స్పెన్సర్ స్వయంగా దాన్ని అధ్యక్షుడు లింకన్ దగ్గరకు తీసుకెళితే, ఆయన వాషింగ్టన్‌లో బయట నిలబడి కాల్చి చూశాడు.

సైన్యానికి స్పెన్సర్ కార్బైన్లు అందడం మొదలైంది 1863 అక్టోబర్‌లో. బొమ్మలను పరిశీలించేవారికి ఈ తేదీ గీటురాయి. కుర్రాడి చేతిలో స్పెన్సర్ కార్బైన్ ఉంటే, ఆ బొమ్మ అంతకు ముందుది కాదు. 1863 జులై 1న గెట్టిస్‌బర్గ్‌లో మొదలైన పోరులో ఉత్తరాది సేనాని జాన్ బుఫోర్డ్ రౌతులు స్పెన్సర్లతోనే శత్రువును నిలువరించారని ఇప్పటికీ కథలు చెబుతుంటారు. లెక్క కుదరదు. వాళ్ల చేతుల్లో ఉన్నవి ఎక్కువగా షార్ప్స్ లాంటి ఒంటి తూటా తుపాకులే. ఆ ఉదయం తొలి గుండు పేల్చానని చెప్పుకున్న మార్సెలస్ జోన్స్ తన సార్జెంట్ దగ్గర ఒక కార్బైన్ అడిగి తీసుకుని కాల్చాడు. అతని మాట నిజమైతే, పక్కవాడి చేతిలోంచి తీసుకున్న తుపాకీతో ఆ పోరు మొదలైంది.

దక్షిణాదివారికి కర్మాగారాలు తక్కువ. అందుకని రిచ్‌మండ్ నగరంలో షార్ప్స్‌ను చూసి అచ్చు అలాంటివే సుమారు 5,000 కార్బైన్లు చేశారు. బూడిదరంగు కోటు దక్షిణాదివాడి చేతిలో షార్ప్స్ లాంటిది కనిపిస్తే, అది పట్టుబడిన సొత్తా, రిచ్‌మండ్ సరుకా అని భూతద్దం పెట్టి వెతుకుతారు.

అన్నిటికన్నా నన్ను కట్టిపడేసేది అద్దం తిరకాసు. టిన్‌టైప్, ఆంబ్రోటైప్ రెండింటిలోనూ సాధారణంగా కుడి ఎడమలు తారుమారవుతాయి. తుపాకీ కుడి పక్కన ఉండాల్సిన సుత్తి ఎడమన ఉన్నట్టు కనబడుతుంది. ఎడమ తుంటికి వేలాడే కత్తి కుడి తుంటికి చేరుతుంది. బెల్టు మీద అక్షరాలు తిరగబడతాయి. ఈ సంగతి సిపాయిలకూ తెలుసు. అందుకే కొందరు బొమ్మ సరిగ్గా రావాలని పట్టీని రెండో భుజానికి మార్చుకుని, తుపాకీని రెండో చేతికి తీసుకుని కూర్చున్నారు. మరి ఎవరు మార్చుకున్నారో, ఎవరు మార్చుకోలేదో ఎలా తెలుస్తుంది? కోటు గుండీలు చెబుతాయి. మగవాళ్ల కోటులో ఎడమ అంచు కుడి అంచు మీదకు వస్తుంది. పట్టీని మార్చుకోవచ్చు, కత్తిని మార్చుకోవచ్చు గాని, కుట్టిన కోటు బొత్తాల వరసను మార్చలేం. అంచు తిరగబడి ఉండి, కత్తి మాత్రం సరైన తుంటికే కనిపిస్తే, ఆ కుర్రాడు కెమెరా ముందుకు రాకముందు ఒక్క క్షణం ఆగి ఆలోచించాడన్నమాట. ఇంట్లో వాళ్లకు తాను ఎలా కనబడాలో ఆలోచించాడు. నూట అరవయ్యేళ్ల తర్వాత ఆ ఆలోచన ఒక గుండీ వరసలో దొరకడం నాకు ఎప్పటికీ పాతబడని ఆశ్చర్యం.

రంగులూ అంతే. ఆనాటి కొలోడియన్ రసాయనానికి నీలం తెల్లగా, పసుపు నల్లగా కనబడేది. అశ్వికదళం కోటుకు పసుపు అంచులు. రేకు మీద అవి నల్లటి గీతలు. లేత నీలం ప్యాంటు దాదాపు తెల్లగా వస్తుంది. నీలికళ్లవాడి చూపు పాలిపోయి, దయ్యం చూపులా ఉంటుంది. అందుకే ఫొటోగ్రాఫర్లు కుంచె పట్టి, పసుపునూ బంగారాన్నీ చేత్తో దిద్దేవారు. కాగితం మీద ముద్రించే చిన్న కార్డు ఫొటోలకు కుడి ఎడమల తిరకాసు లేదు. వాటికి మరో ఆనవాలు ఉంది. 1864 సెప్టెంబర్ నుంచి 1866 ఆగస్టు దాకా ఫొటోల మీద ప్రభుత్వం పన్ను వేసింది. వెనక పన్ను బిళ్ల ఉంటే కాలం తేలిపోతుంది.

కానీ తుపాకీ అబద్ధమూ ఆడుతుంది. ఫొటో గుడారాల్లో పిస్తోళ్లు, పెద్ద కత్తులు, కార్బైన్లు సిద్ధంగా ఉండేవి. వచ్చినవాడు ఏది కావాలంటే అది పట్టుకోవచ్చు. నాకిది వింతగా అనిపించలేదు. మా పెద్దనాన్న తిరుపతిలో తీయించుకున్న ఫొటోలో స్కూటర్ ఎక్కి కూర్చుని ఉంటాడు, వెనక తెర మీద ఏడుకొండలు. ఆయన జన్మలో స్కూటర్ నడపలేదు. అయినా ఆ ఫొటోలో ఆయన సంతోషం అబద్ధం కాదు. అలాగే పదాతి దళపు కోటు వేసుకుని, పట్టీ లేకుండా కార్బైన్ పట్టుకున్న కుర్రాణ్ణి చూస్తే తుపాకీ అరువుదని అనుమానించాలి, మనిషిని తక్కువ చేయకూడదు.

అబద్ధం పెద్దదైతే మాత్రం ఊరుకోకూడదు. గెట్టిస్‌బర్గ్‌లో ఫొటోగ్రాఫర్ అలెగ్జాండర్ గార్డ్‌నర్ బృందం తీసిన ఒక ఫొటోలో బండరాళ్ల నడుమ దక్షిణాది సైనికుడి శవం, గోడకు ఆనించిన తుపాకీ ఉంటాయి. చాటు నుంచి గురి చూసి కొట్టేవాడి చివరి మజిలీ అని గార్డ్‌నర్ తన పుస్తకంలో కథ రాశాడు. చరిత్రకారుడు విలియం ఫ్రసానిటో ఆ చోట్లన్నీ నడిచి, ఫొటోలను రాయికి రాయి సరిపోల్చి, ఫొటోగ్రాఫర్లే ఆ శవాన్ని వేరేచోటి నుంచి మోసుకొచ్చి అక్కడ పెట్టారని 1975లో తేల్చాడు. పక్కనున్న తుపాకీ కూడా గురికాండ్రు వాడే రకం కాదు. ఎవరి బిడ్డో, వాడి చావును కూడా సొంతంగా ఉండనివ్వలేదు.

వెనక తెరలు కూడా సాక్ష్యమిస్తాయి. సెయింట్ లూయిస్ దగ్గరి బెంటన్ బారక్స్‌లో ఈనోక్ లాంగ్ అనే ఫొటోగ్రాఫర్ ఉండేవాడు. జెండా, ఆయుధాలు చిత్రించిన ఒకే తెర ముందు ఎందరో సిపాయిలు నిలబడ్డారు. ఒక్కరి చోటు రుజువైతే, అదే తెర ఉన్న మిగతా అనామకులందరి చోటూ తెలిసినట్టే. అక్కడి నుంచి ఏ రెజిమెంట్లు ఎప్పుడు విడిది చేశాయో దస్తావేజుల్లో వెతకొచ్చు.

లైబ్రరీకి ఈ బొమ్మల్లో పెద్ద వాటా ఇచ్చింది వర్జీనియాకు చెందిన లిల్యెన్‌క్విస్ట్ కుటుంబం. తండ్రి, ముగ్గురు కొడుకులు కలిసి ఏళ్ల తరబడి సేకరించినవాటిలో సుమారు 700 బొమ్మలను 2010లో దానం చేశారు. ఆ తర్వాతా ఇస్తూ వచ్చారు. మరుసటి ఏడాది ప్రదర్శనలో ఉత్తరాది సైనికుల ముఖాలు 360 పెట్టారు, చనిపోయిన ప్రతి వెయ్యిమందికి ఒకటి చొప్పున. వాటిని ఇప్పుడు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఇనప్పెట్టెలో దాచుకునే హక్కున్నవాళ్లు అలా పంచిపెట్టడం నాకు గొప్పగా తోస్తుంది. ఎందుకంటే పేర్లు పోయింది ఎక్కువగా యుద్ధంలో కాదు, తర్వాత ఇళ్లలోనే. ముసలావిడ పోతుంది, సామాను వేలానికి వెళ్తుంది. పెట్టెలోంచి రేకును, దాని వెనక మడిచిన కాగితాన్ని వేరు చేసి అమ్ముతారు. ఆల్బమ్‌ను చించి, కార్బైన్ ఉన్న కార్డుకు ఎక్కువ ధర కట్టి, మిగతావి చిల్లరగా వదిలేస్తారు. ఆ చింపడంతో పక్క పేజీలోని తమ్ముడూ, తల్లీ పోతారు.

   

అలా పోయిన పేర్లను వెతకడానికి ఇప్పుడు యంత్రాలు కూడా సాయానికొచ్చాయి. వర్జీనియా టెక్‌లో కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు కర్ట్ లూథర్ 2013లో పిట్స్‌బర్గ్‌లోని ఒక మ్యూజియంలో అనుకోకుండా తన పూర్వ తరాల బంధువు ఒకరి ఫొటో చూశాడు. ఆ స్ఫూర్తితోనే 2018లో తన సహచరులతో కలిసి, ముఖాలను పోల్చి చూపే ‘సివిల్ వార్ ఫొటో స్లూత్’ అనే వెబ్‌సైటును తెచ్చాడు. యంత్రం దగ్గరి పోలికలు చూపిస్తుంది. ఇద్దరికీ ఒకే గడ్డం ఉన్నంత మాత్రాన ఒకే మనిషి కాడు. చివరికి గుండీ, పట్టీ, తుపాకీ, తేదీ ఒప్పుకుంటేనే పేరు పెట్టాలి.

ఫొటో అచ్చు వేయకుండా, మాటలతోనే ఒక పేరు దొరికిన సందర్భం ఉంది. గెట్టిస్‌బర్గ్‌లో చనిపోయిన ఒక ఉత్తరాది సైనికుడి చేతిలో ముగ్గురు పిల్లల ఆంబ్రోటైప్ దొరికింది. అతను రౌతు కాదు, పదాతి సార్జెంటు. ఒంటి మీద పేరు తెలిపేది ఏదీ లేదు. ఆనాటి పత్రికలు ఫొటోలు అచ్చు వేయలేవు. అందుకని 1863 అక్టోబర్‌లో ఫిలడెల్ఫియా పత్రిక ఒకటి ఆ బొమ్మను వర్ణించింది. పెద్ద కొడుకు కోటు, కూతురి గౌను ఒకే గుడ్డతో కుట్టినవని రాసింది. ఆ వర్ణన చేతులు మారి, న్యూయార్క్ రాష్ట్రంలోని పోర్ట్‌విల్ అనే చిన్న ఊరికి చేరింది. అక్కడ ఫిలిండా హ్యూమిస్టన్ అనే ఇల్లాలికి గెట్టిస్‌బర్గ్ తర్వాత భర్త ఆమోస్ నుంచి ఉత్తరం లేదు. ఆ బొమ్మకు నకలు తీసి ఆమెకు పంపారు. కొన్ని నెలల కిందట భర్తకు తాను పంపిన బొమ్మే అది.