వడ్డించే చెయ్యి

పెళ్ళిభోజనం చేసి పందిట్లోంచి బయటికొచ్చేటప్పుడు జనం ఏమనుకుంటారు? "గుత్తివంకాయ బ్రహ్మాండంగా కుదిరింది", "బూరెలు ఇంకో రెండు వేసినా బాగుండేది" అనుకుంటారు. వడ్డించిందెవరని మాత్రం ఎవరూ అడగరు. ఎవరి విస్తట్లో ఏది నిండుకుందో కనిపెట్టి, నోరు తెరిచి అడక్కముందే తెచ్చి వేసిన ఆ చెయ్యి ఎవరిదో ఎవరికీ గుర్తుండదు. ఆ మనిషి రాని రోజున మాత్రం పప్పు దగ్గర్నించి పెరుగు దాకా అంతా గందరగోళమే!

ఇంత ఉపోద్ఘాతం దేనికంటారా? బాస్కెట్‌బాల్ సంగతి చెబుదామని. నవ్వకండి. మనలో చాలామందికి ఆటలంటే స్కూల్లో ఆడిన టెన్నికాయిట్, త్రోబాల్ అంతే. అదయినా పెద్దమనిషయ్యేవరకే. నాకూ ఆటల గురించి పెద్దగా పట్టింపు లేదు. కాని అమెరికాలో హ్యూస్టన్ ఆడవాళ్ళ జట్టు 1999లో ఆడిన ఒక సీజను కథ తెలిశాక, ఇది ఆటల పేజీలో కన్నా మన పేజీలో ఉండాల్సిన కథ అనిపించింది.

ముందు ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. అయిదుగురు ఇటు, అయిదుగురు అటు. పదడుగుల ఎత్తున ఇనపరింగు, దానికి అడుగు లేని వల. అందులోంచి బంతి పడితే పాయింట్లు. అయితే బంతిని తట్టుకుంటూ కోర్టు పొడుగునా నడిపించుకొచ్చి, ఎవరు ఖాళీగా ఉన్నారో ఓరకంట చూసి, సరిగ్గా వాళ్ళ చేతికి అందించే మనిషి ఒకరుంటారు. ఆవిణ్ణి పాయింట్ గార్డ్ అంటారు. నా లెక్కలో ఆవిడే వడ్డించే మనిషి. అందించిన బంతులు కూడా లెక్కల పుస్తకంలో రాస్తారు గాని, పేపర్లో పెద్దక్షరాల్లో పడేది మాత్రం బుట్టలో వేసినవాళ్ళ పేరే.

అమెరికా అంత దేశంలో కూడా ఆడపిల్లలు కాలేజీలో ఎంత బాగా ఆడినా, చదువు పూర్తయ్యాక ఆటతో పొట్టపోసుకుందామంటే చాలా ఏళ్ళ పాటు నిలకడగా ఒక లీగ్ అంటూ లేదు. ఆడాలనుంటే పెట్టె సర్దుకుని ఇటలీకో, స్పెయిన్‌కో పోవాలి. 1997లో మగవాళ్ళ లీగ్ పెద్దలు పూనుకుని ఎనిమిది జట్లతో ఆడవాళ్ళ లీగ్ మొదలెట్టారు. పేరు డబ్ల్యూఎన్‌బీఏ. ఆట ఎప్పుడనుకున్నారు? మగవాళ్ళ సీజను అయిపోయి, హాళ్ళు ఖాళీగా ఉండే వేసవిలో. అంటే మగవాళ్ళ పంక్తి లేచాక ఆడవాళ్ళ పంక్తి అన్నమాట! సముద్రాలు దాటినా ఆచారం మారలేదు చూడండి.

ఆ ఎనిమిది జట్లలో హ్యూస్టన్‌వాళ్ళ జట్టు పేరు కామెట్స్. అంటే తోకచుక్కలు. మనవాళ్ళు తోకచుక్క కనిపిస్తే అరిష్టమంటారు గాని, ఈ తోకచుక్కలు మొదటి ఏడే కప్పు గెల్చుకున్నాయి. రెండో ఏడు 30 ఆటల్లో 27 గెలిచి మళ్ళీ గెల్చుకున్నాయి.

జట్టులో ముగ్గురు మహా గట్టివాళ్ళు. సింథియా కూపర్ మొదటి ఏటికే ముప్ఫైనాలుగేళ్ళ మనిషి. లాస్ ఏంజిల్స్‌లో వాట్స్ అనే బీదపేటలో, ఎనిమిది మంది పిల్లల్ని ఒంటిచేత్తో పెంచిన తల్లికి కూతురు. పదేళ్ళకు పైగా స్పెయిన్‌లో, ఇటలీలో ఆడి ఆడి, ఇంక ఆట మానేసే వయసని అందరూ అనుకుంటూంటే సొంతగడ్డ మీద లీగ్ వచ్చింది. రెండోావిడ షెరిల్ స్వూప్స్. 1997 జూన్ 25న మగపిల్లాణ్ణి కని, ఆరువారాలకల్లా కోర్టులోకి దిగింది. మనకైతే అప్పటికి ఇంకా పథ్యం, సాంబ్రాణి పొగా! మూడోది టీనా థాంప్సన్, ఆరడుగుల రెండంగుళాల పిల్ల. పెదాలకు లిప్‌స్టిక్ దిద్దుకోకుండా ఒక్కనాడూ ఆట ఆడలేదు. ఆటలోకి దిగినంత మాత్రాన అలంకారం ఎందుకు మానాలన్నది ఆవిడ పద్ధతి. నాకా అమ్మాయి మొదట్నించీ నచ్చేసింది.

ఈ ముగ్గురికీ బంతి అందించిన మనిషి కిమ్ పెరో. లూసియానాలోని లఫయెట్ ఆవిడ ఊరు. అయిదడుగుల అయిదంగుళాలే ఎత్తు. మన మధ్య నిలబడితే పొడుగే గాని, ఆ జట్టులో బొత్తిగా పొట్టి. లీగ్ మొదలయ్యేటప్పుడు జట్లవాళ్ళు ఒక్కొక్క పేరే పిలిచి క్రీడాకారిణుల్ని ఎంచుకుంటే, ఆవిడ పేరు ఎవరూ పిలవలేదు. పరీక్షకు వచ్చి, ఆడి చూపించి, చోటు సంపాదించుకుంది. నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటుంది. ఈవిడ కాలేజీలో ఉండగా 1989-90లో ఆటకు సగటున 30 పాయింట్లు వేసి దేశం మొత్తానికి మొదటి స్థానంలో నిలిచిన పిల్ల! వెయ్యడం రాక అందించడం కాదు. వేసేవాళ్ళు పక్కన ఉన్నారు, జట్టుకు కావల్సింది వడ్డన, కనక వడ్డనలోకి దిగింది. ఎదటివాళ్ళు ఎంత పొడుగువాళ్ళయినా సందులోంచి దూరి వాళ్ళ చేతుల్లో బంతి లాగేసుకునేది. కూపర్‌తో స్నేహం మరీ ఎక్కువ.

ఇక అసలు కథ. 1999 ఫిబ్రవరి. సీజను మొదలు కావడానికి ఇంకా నాలుగు నెలలుంది. ఆ నెలలో కూపర్ తల్లి రొమ్ము క్యాన్సర్‌తో కన్నుమూసింది. కామెట్స్ మొదటి సీజను నాటికే ఆ తల్లికి జబ్బు బయటపడింది. ఆస్పత్రికీ కోర్టుకీ మధ్య తిరుగుతూనే కూతురు రెండేళ్ళు వరసగా లీగ్‌లో అందరికంటే ఎక్కువ పాయింట్లు వేసింది. అదే ఫిబ్రవరిలో కిమ్ పెరోకు ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ఉందనీ, అది మెదడుకు పాకిందనీ తేలింది. ముప్ఫైరెండేళ్ళ మనిషి. కోర్టంతా తన ఊపిరి మీదే పరుగెత్తిన మనిషి.

ఏప్రిల్‌లో క్రీడాకారిణుల సంఘానికీ లీగ్‌కీ మధ్య మొట్టమొదటి ఒప్పందం కుదిరింది. అంతకుముందు లీగ్ మొదలైనప్పుడు చిన్నస్థాయి వాళ్ళ జీతం ఏడాదికి 15 వేల డాలర్లు. కొత్త ఒప్పందంలో కనీస జీతం పెరిగింది. ఏడాది పొడుగునా వైద్య సదుపాయం, జీతంతో ప్రసూతి సెలవూ వచ్చాయి. కప్పులూ పతకాలూ తళతళలాడతాయి గాని, వైద్య ఖర్చుల సంగతి ఇల్లు నడిపేవాళ్ళకే తెలుస్తుంది. ఏమంటారు?

మే నెలలో కొత్తవాళ్ళ ఎంపిక, ఆ వెనకే శిక్షణ శిబిరం. పోటీగా నడిచిన ఇంకో ఆడవాళ్ళ లీగ్ 1998 డిసెంబరులో మూతపడటంతో పనిలేక నిలబడ్డవాళ్ళు చాలామంది వచ్చారు. వాళ్ళలోంచి సోన్యా హెన్నింగ్ అనే ఆవిణ్ణి కామెట్స్ తీసుకుంది. డ్యూక్ విశ్వవిద్యాలయంలో లా చదివిన మనిషి. కిమ్ చోటులో ఆవిడ నిలబడింది. ఇంకొకరు ఏలిన వంటింట్లోకి కొత్తగా అడుగుపెట్టడం ఎంత కష్టమో మనకు చెప్పక్కర్లేదు. పోపులపెట్టె ఎక్కడుందో తెలిసేసరికే నెల పడుతుంది. ఇక్కడైతే పాత ఇల్లాలు ఆస్పత్రిలో ఉంది, అందరి మనసూ ఆవిడ మీదే ఉంది. హెన్నింగ్ పాతావిడలా ఆడాలని చూడకుండా తన పని తాను నెమ్మదిగా చేసుకుపోయింది. అదీ తెలివంటే. కోచ్ వాన్ చాన్సలర్, జట్టూ కలిసి ఈ సీజను కిమ్‌కే అంకితమన్నారు.

జూన్‌లో ఆటలు మొదలయ్యాయి. ఆ ఏడు జట్లు పన్నెండు, జట్టుకు 32 ఆటలు. ఆటల వివరాలన్నీ చెప్పి విసిగించను. కూపర్ ఆటకు 22 పాయింట్ల చొప్పున వేసి మూడో ఏడు కూడా లీగ్‌లో మొదటి స్థానమే. జూలై 27న స్వూప్స్ ఒకే ఆటలో 14 పాయింట్లు వేసి, తప్పిపోయిన బంతులు 15 అందుకుని, 10 బంతులు అందించింది. మూడు లెక్కలూ పది దాటడమో, పది అందుకోవడమో ఆ లీగ్‌లో అదే మొదటిసారి. నేను ముందుగా చూసేది ఆ మూడో అంకెనే. బుట్టలో వేసేవాళ్ళు కూడా వడ్డన నేర్చుకున్నారు. ఇంట్లో ఒక మనిషి మంచాన పడితే మిగతావాళ్ళు తలో పనీ అందుకోరూ, అలాగన్నమాట. మొత్తం మీద 26 గెలిచారు, 6 ఓడారు.

ఆ లెక్క పూర్తవడానికి ముందే, ఆగస్టు 19న, కిమ్ పెరో హ్యూస్టన్‌లో ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ ఆస్పత్రిలో చనిపోయింది.

మన ఇళ్ళల్లో పదిరోజులు పొయ్యి సరిగా వెలగదు. చుట్టాలు వస్తారు, ఏడుస్తారు, ఏడిపిస్తారు. దుఃఖానికి ఒక వ్యవధి ఉంటుంది. ఆటల కాలెండరుకు అటువంటి మర్యాదలు లేవు. వారం తిరక్కుండానే కప్పు కోసం నాకౌట్ పోటీలు. లాస్ ఏంజిల్స్ జట్టుతో మూడాటల్లో రెండు గెలవాలి. మొదటిది ఓడారు, 75-60. తప్పు పట్టేవాళ్ళెవరు? కాని తరవాతి ఆటలు సొంతూళ్ళో. రెండోది 83-55, మూడోది 72-62. రెండూ కామెట్స్‌వే.

ఫైనల్లో ఎదటి జట్టు న్యూయార్క్ లిబర్టీ. ఇక్కడా మూడింట రెండు. మొదటిది న్యూయార్క్ వెళ్ళి గెలుచుకొచ్చారు. సెప్టెంబరు 4న హ్యూస్టన్‌లో రెండో ఆట. హాల్లో పదహారు వేల మందికి పైగా జనం. ఒక దశలో మనవాళ్ళు, అప్పుడే మనవాళ్ళయిపోయారు చూడండి, 18 పాయింట్లు ముందున్నారు. అదంతా కరిగిపోయింది. ఆఖర్న 2.4 సెకన్లు మిగిలుండగా మన లిప్‌స్టిక్ పిల్ల టీనా బంతి వేసి 67-65 చేసింది. ఇంకేముంది, గెలిచేశామనుకున్నారు. పైనించి రంగుకాగితాల ముక్కలు కూడా రాలడం మొదలెట్టాయి. ఇంతలో న్యూయార్క్ పాయింట్ గార్డ్ తెరీసా వెదర్‌స్పూన్ బంతి అందుకుని, నాలుగడుగులు పరుగెత్తి, సగం కోర్టు ఇవతల్నించే విసిరింది. బంతి గాల్లో అంతదూరం వెళ్ళి, సరిగ్గా వలలో పడింది! మూడు పాయింట్లు. 68-67. హాలంతా చప్పబడిపోయింది. పెళ్ళికూతురికి తలంబ్రాలు పోస్తూండగా ముహూర్తం రేపటికి మారిందన్నట్టయింది. నేల మీద రాలిన ఆ రంగుకాగితాలు ఊడ్చుకుని మర్నాటికి తయారవ్వాలి.

నిజం చెప్పొద్దూ, ఈ కథలో నాకు అన్నిటికంటే పెద్దదనిపించేది ఆ ఒక్క రాత్రే. చేతికందిన కప్పు జారిపోయింది. స్నేహితురాలు పోయి ఇంకా మూడువారాలు కాలేదు. ఆవిడ పేరు మీద ఆడుతూ ఓడితే ఆ ఓటమి కూడా ఆవిడ పేరు మీదే పడుతుందే అన్న భయం ఉండదూ? ఆలోచించుకోడానికి ఒక్క రోజు కూడా లేదు.

సెప్టెంబరు 5. మూడో ఆట. నెగ్గింది కామెట్స్, 59-47. అంకెలు చూస్తేనే తెలుస్తుంది, అది అందమైన ఆట కాదు. ఎదటివాళ్ళని వెయ్యనివ్వకుండా పళ్ళబిగువున కాచుకున్న ఆట. బంతి లాక్కోవడంలో ఆరితేరిన కిమ్ చూస్తే మెచ్చుకునుండే ఆట. కూపర్ 24 పాయింట్లు వేసింది. "కిమ్ కోసం మూడోది" అని జనం అరిచారు. పదో నంబరు జెర్సీ, కిమ్ వేసుకున్నది, జట్టువాళ్ళు పైకెత్తి పట్టుకున్నారు. ఈసారి రంగుకాగితాలు సరైన సమయానికే రాలాయి.

2000లో నాలుగో కప్పు కూడా వచ్చింది. ఆ తరవాత ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. 2008 డిసెంబరులో, కొనేవాళ్ళు దొరక్క జట్టే మూతపడింది. వాళ్ళు ఆడిన హాలు ఇప్పుడు లేక్‌వుడ్ అనే పెద్ద చర్చి. మన తెలుగువాళ్ళు వేలకొద్దీ ఉన్న ఊరే హ్యూస్టన్. పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మలూ అమ్మమ్మలూ కారులో దాని పక్కనించే వెళ్ళి ఉంటారు. ఈసారి వెళ్తే ఒకసారి తల తిప్పి చూడండి.

కప్పులు ఎవరు గెలిచారంటే జనం కూపర్ పేరు చెబుతారు, స్వూప్స్ పేరు చెబుతారు. న్యాయమే. అయితే కిమ్ పెరో పేరు రెండుచోట్ల నిలిచింది. లీగ్‌లో ఏటేటా అందరికంటే మర్యాదగా ఆడిన క్రీడాకారిణికి ఇచ్చే బహుమతికి ఆవిడ పేరే పెట్టారు. రెండోది నాకు మరీ ఇష్టం. ఆవిడ ఆఖరి రోజులు గడిపిన ఆస్పత్రిలో, క్యాన్సర్‌తో వచ్చిన పిల్లలూ కుర్రవాళ్ళూ కాసేపు సూదులూ మందులూ మరిచి ఆడుకోడానికి ఒక చోటు ఏర్పాటు చేశారు. దాని పేరు కిమ్స్ ప్లేస్. కిమ్ ఇల్లు అనుకుందాం.

అక్కడికొచ్చే పిల్లలకి ఆవిడెవరో తెలియకపోవచ్చు. ఆడుకుంటారు, అలసిపోతారు, నవ్వుకుంటూ మళ్ళీ వార్డుకి పోతారు. భోంచేసి వెళ్ళేవాళ్ళకి వడ్డించినవాళ్ళ పేరు తెలియక్కర్లేదు. ఆకలి తీరితే చాలు.